క్విల్ట్ కుట్టేటప్పుడు వచ్చే చికాకులు: ఎక్కడ మొదలవుతాయి, ఎలా సరిచేసుకోవాలి

"మూలలు కలవడం లేదు." "బోర్డర్ అలల్లా లేస్తోంది." "వెనక వైపు ముడతలు పడ్డాయి." "కింద దారం ఉండలు కడుతోంది." క్విల్ట్ (గుడ్డ ముక్కలు అతికిన పై పొర, మధ్య దూది, అడుగు గుడ్డ మూడూ కలిపి కుట్టే దుప్పటి) కుట్టేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవి ఇంచుమించు ఇవే. తమకు చెయ్యి తిరగలేదనో, మిషన్ మంచిది కాదనో అనుకుని పని మధ్యలో ఆపేసినవాళ్లు చాలామంది ఉన్నారు. నిజానికి ఎక్కువసార్లు కారణం ఆ రెండూ కాదు. క్విల్ట్‌లో తప్పు కనిపించేది ఒక దశలో అయితే, అది పుట్టేది అంతకుముందు దశలో. బోర్డర్ లేవడం చివర్లో కనిపిస్తుంది గానీ, కొలవకుండా పట్టీ కత్తిరించినప్పుడే అది మొదలైపోయింది. వెనక పడే ముడతలు కూడా అంతే. మిషన్ కింద కనిపించినా, అసలు కారణం నేల మీద పొరలు పరిచిన తీరులో ఉంటుంది.

అందుకే ఈ గైడ్‌లో ప్రతి దశ దగ్గరా ఒక చిన్న పరీక్ష పెట్టాను. ఆ పరీక్ష దాటాకే ముందుకు వెళ్లండి. ఇప్పటికే సగంలో ఇరుక్కుని ఉంటే మీ సమస్య ఉన్న దశకు నేరుగా వెళ్లండి, కానీ దాని ముందు దశను కూడా తప్పకుండా చదవండి.

కావలసినవి

- 45 మి.మీ. రోటరీ కట్టర్, అదనంగా ఒక కొత్త బ్లేడు
- కటింగ్ మ్యాట్, 6×24 అంగుళాల పారదర్శక స్కేలు
- ముక్కలు కలిపి కుట్టడానికి 80/12 సూదులు, మూడు పొరలు కుట్టడానికి 90/14 సూదులు
- 50 నంబరు కాటన్ దారం
- సన్నని పిన్నులు, వంపు ఉన్న సేఫ్టీ పిన్నులు
- ఇస్త్రీ పెట్టె, గట్టి ఇస్త్రీ బల్ల, గంజి స్ప్రే
- కుట్లు విప్పే రిప్పర్
- మిషన్‌కు సరిపోయే వాకింగ్ ఫుట్ (పై పొరనూ కింది పొరలతో సమానంగా జరిపే ఫుట్)
- మాస్కింగ్ టేపు
- పరీక్షల కోసం మిగులు గుడ్డ ముక్కలు

రోటరీ కట్టర్ లేకపోతే పని ఆగదు. గట్టి అట్ట మీద ముక్క ఆకారం గీసి కత్తిరించుకుని, దాని చుట్టూ పెన్సిల్‌తో గీసి, పదునైన కత్తెరతో కోయండి. నెమ్మదిగా సాగుతుంది, కానీ కచ్చితంగా వస్తుంది. అట్టను మాత్రం అప్పుడప్పుడూ మార్చండి. పెన్సిల్ తిరిగి తిరిగి అంచులు అరిగిపోయి ముక్కల సైజు మారిపోతుంది.

1. గుడ్డను ముందే పరీక్షించండి

ముదురు ఎరుపు, నీలం, నలుపు రంగుల మీద అనుమానం ఉంచుకోండి. ఆ గుడ్డ చిన్న ముక్కను వేడి నీళ్లున్న గాజు గ్లాసులో ఒక చుక్క డిటర్జెంట్ వేసి అరగంట ఉంచండి. తీసి, తడిగానే తెల్ల గుడ్డ మీద పరిచి ఆరనివ్వండి. నీళ్లలో గానీ తెల్ల గుడ్డ మీద గానీ రంగు కనిపిస్తే ఆ గుడ్డను పూర్తిగా ఉతికి మళ్లీ పరీక్షించండి. రెండు మూడు ఉతుకుల తర్వాత కూడా రంగు వదులుతూనే ఉంటే, తెలుపు పక్కన దాన్ని వాడకండి. ఎంత నచ్చిన గుడ్డయినా సరే.

కాటన్ సాధారణంగా 3 నుంచి 5 శాతం దాకా కుంచించుకుపోతుంది. ముందే ఉతకాలా వద్దా అన్నది మీ ఇష్టం, కానీ ఒకే క్విల్ట్‌లో ఉతికిన గుడ్డనూ ఉతకని గుడ్డనూ కలపకండి. ముందే సన్నని పట్టీలుగా కోసి అమ్మే గుడ్డల్ని ఉతికితే అంచుల పోగులన్నీ ఊడిపోతాయి. వాటిని అలాగే వాడాలి.

రంగులు కలుస్తున్నాయో లేదో తేలకపోతే ముక్కలన్నీ పక్కపక్కన పరిచి ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫోటో తీయండి. ఫోటోలో అన్నీ ఒకే బూడిద రంగులో కనిపిస్తే డిజైన్ కుట్టాక కూడా కనిపించదు. ఒకటి రెండు లేత గుడ్డలు గానీ ముదురు గుడ్డలు గానీ కలపండి.

2. కోత: పట్టీ మధ్యలో వంకర

పట్టీ కోసి మడత విప్పితే మధ్యలో మోచేతిలా వంగి ఉందా? స్కేలు మడతకు సరిగ్గా లంబంగా లేదన్నమాట. గుడ్డను రెండు నేత అంచులు కలిసేలా మడిచి, పైకి లేపి పట్టుకుని, మడత దగ్గర ముడతలు లేకుండా వేలాడేదాకా ఒక అంచును అటూ ఇటూ జరపండి. తర్వాత మ్యాట్ మీద పెట్టి, స్కేలులోని అడ్డగీతను మడతతో కలిపి మొదటి అంచును కోయండి. ప్రతి మూడు నాలుగు పట్టీలకు ఒకసారి ఈ అంచును మళ్లీ సరిచేయండి.

స్కేలు జారిపోతుంటే చిటికెన వేలిని స్కేలు బయటి అంచుకు ఆనించి గుడ్డ మీద పెట్టండి. పొడవైన కోతలో సగం కోశాక కట్టర్‌ను అక్కడే ఉంచి, ఎడమ చేతిని మాత్రం పైకి జరుపుకుని మిగతాది కోయండి.

హెచ్చరిక: కట్టర్ ఎప్పుడూ మీకు దూరంగా కదలాలి, మీ వైపుకు కాదు. కింద పెట్టే ప్రతిసారీ బ్లేడు మూయండి, అర నిమిషం కోసమైనా సరే. కోతలో అక్కడక్కడా పోగులు తెగకుండా మిగులుతుంటే బలంగా నొక్కకండి. బ్లేడు మొద్దుబారింది, మార్చండి. నొక్కి కోయడం వల్లే స్కేలు జారుతుంది, వేళ్లు తెగుతాయి.

పరీక్ష: కోసిన పట్టీని విప్పి, మడత ఉన్న చోట స్కేలు పెట్టి చూడండి. గీత నిటారుగా ఉండాలి, వెడల్పు మూడు చోట్లా ఒకటే ఉండాలి.

3. పావు అంగుళం కుట్టు: అన్నిటికంటే ముఖ్యమైనది

ఈ గైడ్‌లో ఒక్క దశ మాత్రమే చేసే ఓపిక ఉంటే ఇదే చేయండి. బ్లాకులు (ముక్కలు కలిపి కుట్టిన చదరాలు) కలవకపోవడం, మొనలు తెగిపోవడం, వరసలు పొట్టిగా రావడం, వీటిలో ఎక్కువ భాగం ఇక్కడినుంచే వస్తాయి.

లెక్క చూడండి. మీ కుట్టు మార్జిన్, అంటే కుట్టుకూ గుడ్డ అంచుకూ మధ్య దూరం, అంగుళంలో 16వ వంతు ఎక్కువైందనుకోండి. కంటికి అది తేడాలాగే అనిపించదు. కానీ కుట్టు రెండు వైపుల ముక్కలనుంచీ తింటుంది కాబట్టి ఒక్కో కుట్టుకు ఎనిమిదో వంతు పోతుంది. వరసలో 8 కుట్లు ఉంటే ఒక అంగుళం మాయం.

ఇంకో సంగతి. కుట్టాక గుడ్డను పక్కకు మడుస్తాం కదా, ఆ మడత ఒకటి రెండు పోగుల మందం తింటుంది. అందుకని కుట్టు సరిగ్గా పావు అంగుళం కాకుండా, దానికంటే ఒకటి రెండు పోగులు తక్కువ ఉండాలి.

పరీక్ష ఇలా చేయండి:

అ) 1½ అంగుళాల వెడల్పున్న పట్టీలు మూడు కోయండి. పొడవు 4 అంగుళాలు చాలు.

ఆ) మూడింటినీ పక్కపక్కన కుట్టి ఇస్త్రీ చేయండి.

ఇ) మధ్య పట్టీని కొలవండి. సరిగ్గా 1 అంగుళం ఉండాలి. మొత్తం వెడల్పు 3½ ఉండాలి.

ఈ) మధ్య పట్టీ అంగుళం కంటే తక్కువుంటే మార్జిన్ ఎక్కువైంది, గైడ్‌ను (గుడ్డ అంచు ఆనే గట్టును) సూది వైపుకు జరపండి. ఎక్కువుంటే సూదికి దూరంగా జరపండి. సరిగ్గా వచ్చేదాకా కొత్త పట్టీలతో మళ్లీ చేయండి.

గైడ్ అంటే ఖరీదైన వస్తువేమీ కాదు. స్కేలును ఫుట్ కింద పెట్టి, పక్కచక్రం తిప్పుతూ సూదిని పావు అంగుళం గీత మీదికి మెల్లగా దించండి. స్కేలు కుడి అంచు వెంట మిషన్ మీద మాస్కింగ్ టేపు నాలుగైదు పొరలు అంటించండి. గుడ్డ అంచు ఆ టేపు గట్టుకు తగులుతూ పోతుంది. టేపు గుడ్డను లాగే పళ్ల మీదికి గానీ బాబిన్ మూత మీదికి గానీ రాకుండా చూడండి. పావు అంగుళం ఫుట్ ఉన్నా ఈ పరీక్ష మానకండి. అన్ని ఫుట్‌లూ ఒకేలా రావు.

మార్జిన్ సరిగ్గా ఉన్నా ముక్క చివర అర అంగుళంలో కుట్టు పక్కకు తిరగడం చాలామందికి జరుగుతుంది. చేతివేళ్లు సూది దాకా వెళ్లలేవు కాబట్టి చివర గుడ్డ తనంతట తను తిరుగుతుంది. పొడవైన పిన్ను మొనతో ఆ చివరను తిన్నగా నడిపించండి. త్రికోణాల మూలల్ని మిషన్ కిందికి లాగేసుకుంటుంటే, ముందు చిన్న పాత గుడ్డ ముక్క మీద కుట్టడం మొదలుపెట్టి, ఆపకుండా అసలు ముక్కలోకి వెళ్లండి. సూది రంధ్రం చిన్నదిగా ఉండే ప్లేటు కూడా దొరుకుతుంది. అది బిగించి ఉండగా జిగ్‌జాగ్ కుట్టు పెడితే సూది ప్లేటుకు తగిలి విరుగుతుంది, జాగ్రత్త.

కుట్టు పొడవు 2 నుంచి 2.5 మి.మీ. మధ్య ఉంచండి. అంతకంటే సన్నగా పెడితే విప్పేటప్పుడు ఏడుపొస్తుంది.

పరీక్షలో తప్పి, అప్పటికే బ్లాకులన్నీ కుట్టేసి ఉంటే కంగారు పడకండి. అన్నీ ఒకే రకం బ్లాకులై, అన్నీ ఒకే మేరకు చిన్నవిగా వచ్చి ఉంటే ఒకదానితో ఒకటి కలుస్తాయి. క్విల్ట్ కాస్త చిన్నదవుతుందంతే. తక్కువ కుట్లున్న బ్లాకు పక్కన ఎక్కువ కుట్లున్న బ్లాకు వచ్చే డిజైన్లలోనే అసలు ఇబ్బంది. వాటికి 6వ దశలో మార్గం ఉంది.

4. ఇస్త్రీ: రుద్దకండి, పెట్టి తీయండి

బట్టలు ఇస్త్రీ చేసినట్టు పెట్టెను ముందుకూ వెనక్కూ తోస్తే బ్లాకు సాగి వంకరవుతుంది. పెట్టెను దించండి, రెండు మూడు సెకన్లు ఉంచండి, ఎత్తి పక్కన పెట్టండి. ముందు ముక్కలు మూసి ఉండగానే కుట్టు మీద ఒకసారి వేడి తగిలించండి. తర్వాత విప్పి, మార్జిన్‌ను ముదురు గుడ్డ వైపుకు తిప్పి, పైవైపునుంచి నొక్కండి. పైనుంచి చేస్తే కుట్టు దగ్గర చిన్న మడత మిగిలిపోయిందా అన్నది కనిపిస్తుంది. బ్లాకు చిన్నదిగా రావడానికి ఆ మడత కూడా ఒక కారణం.

పక్కపక్క వరసల మార్జిన్లను ఎదురెదురు దిశల్లోకి తిప్పండి. మొదటి వరస కుడికి అయితే రెండోది ఎడమకు. తర్వాతి దశలో ఇది మీ పని సగం తగ్గిస్తుంది. ఒకేచోట ఆరు, ఎనిమిది మొనలు కలిసే నక్షత్రాల లాంటి వాటిలో మాత్రం మార్జిన్‌ను రెండు వైపులకూ విప్పి నొక్కండి, లేకపోతే మధ్యలో గడ్డలా లేస్తుంది.

ఆవిరి వద్దనను. బ్లాకు పూర్తయ్యాక వాడితే మేలు, మధ్యలో వాడితే క్రాస్ అంచులు (ఏటవాలుగా కోసినవి) సాగుతాయి.

పరీక్ష: బ్లాకును మ్యాట్ గళ్ల మీద పెట్టండి. నాలుగు అంచులూ గీతల వెంట ఉండాలి.

5. మొనలు, మూలలు

త్రికోణం పొడవైన అంచు క్రాస్‌గా ఉంటుంది, అంటే పడుగూ పేకా రెండూ దాన్ని పట్టి ఉంచవు. ముట్టుకుంటేనే సాగుతుంది. కోయకముందే గుడ్డకు గంజి పట్టించి ఆరనివ్వండి. ఆ తర్వాత త్రికోణాలు విడివిడిగా కోసి కుట్టే పద్ధతి పక్కన పెట్టి, ఇలా చేయండి.

కుట్టాక 3 అంగుళాలు రావలసిన జంట త్రికోణాల చదరం కావాలనుకోండి. 4 అంగుళాల చదరాలు రెండు, వేర్వేరు రంగులవి తీసుకోండి. మంచి వైపులు కలిపి పెట్టి, పైదాని మీద మూలనుంచి మూలకు గీత గీయండి. గీతకు రెండు వైపులా పావు అంగుళం దూరంలో కుట్టి, గీత మీద కోయండి. రెండు చదరాలు వస్తాయి. ఇస్త్రీ చేసి, స్కేలులోని 45 డిగ్రీల గీతను కుట్టు మీద పెట్టి, 3½ అంగుళాలకు కోసుకోండి. చాలా ప్యాటర్న్‌లు 3⅞ తీసుకోమంటాయి. గుడ్డ కాస్త ఆదా అవుతుంది గానీ సరిచేసుకునే చోటు మిగలదు. నా మాట వింటే 4 తీసుకోండి.

మొన తెగిపోవడానికి కారణం ఒకటే, కుట్టు మొన లోపలివైపు నుంచి వెళ్లడం. వెనక వైపు చూస్తే రెండు పాత కుట్లు దాటుకునే చోట ఇంటూ గుర్తు కనిపిస్తుంది. ఆ ముక్కను పైకి పెట్టుకుని, ఇంటూ గుర్తుకు ఒక పోగు బయటగా, అంటే గుడ్డ తెగిన అంచు వైపుగా కుట్టండి.

వరసలు కలిపేటప్పుడు ఎదురెదురుగా తిప్పిన మార్జిన్లు ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. వేళ్ల మధ్య పట్టి రుద్దితే కూర్చున్న చోట మెట్టు తగలదు. అప్పుడు కీలుకు (కుట్లు కలిసే చోటుకు) రెండు వైపులా ఒక్కో పిన్ను పెట్టండి. సూది పిన్ను మీదికి రాకముందే దాన్ని తీసేయండి.

ఇంకా తేడా వస్తుంటే ఈ పద్ధతి చూడండి. వరస మొత్తం కుట్టకుండా, కుట్టు పొడవు 4 మి.మీ. పెట్టి, కీలు ఉన్న చోట్ల మాత్రమే ఒక్కో అంగుళం టాకా వేయండి. విప్పి చూడండి. కుదిరిన కీళ్లను వదిలేసి, కుదరని వాటినే లాగేసి మళ్లీ వేయండి. అన్నీ కుదిరాక మామూలు కుట్టు వేయండి. వరసంతా విప్పే బాధ తప్పుతుంది.

6. సైజు కలవని బ్లాకులు, లేచే బోర్డర్లు

బ్లాకులన్నీ కొలిచి చీటీ అంటించండి. తేడా ఎనిమిదో వంతు అంగుళం లోపు అయితే కుట్టులో సర్దేయవచ్చు. పెద్ద ముక్కను కింద పెట్టండి. మిషన్ కింది పళ్లు దాన్ని కాస్త ఎక్కువ లాక్కుని అదనాన్ని తినేస్తాయి. తేడా అంతకంటే ఎక్కువైతే పెద్దవాటిని కోయాలనిపిస్తుంది గానీ మొనలున్న బ్లాకులో అలా కోస్తే మొనలు పోతాయి. బదులుగా ప్రతి బ్లాకు చుట్టూ సన్నని పట్టీతో ఫ్రేము కుట్టి, అన్నిటినీ ఒకే సైజుకు కోయండి. ముందే అనుకున్న డిజైన్‌లాగే ఉంటుంది.

బోర్డర్ లేవడం గురించి. పొడవైన పట్టీ తీసుకుని అంచు వెంట కుట్టుకుంటూ పోయి, మిగిలింది కత్తిరించేస్తున్నారా? అందుకే లేస్తోంది. బయటి అంచులు అప్పటికే కాస్త సాగి ఉంటాయి, పట్టీ ఆ సాగుడును అలాగే పట్టేస్తుంది. ఇలా చేయండి:

అ) క్విల్ట్ పొడవును అంచు దగ్గర కాకుండా లోపల మూడు చోట్ల కొలవండి.

ఆ) సగటు తీయండి. 50, 50¼, 50½ వస్తే 50¼.

ఇ) రెండు పక్కల పట్టీలనూ సరిగ్గా ఆ పొడవుకే కోయండి.

ఈ) పట్టీకీ క్విల్ట్ అంచుకూ సగం, పావు గుర్తులు పెట్టి, గుర్తులు కలిపి పిన్నులు పెట్టండి. రెండు చివరలూ కలవాలి. మధ్యలో అదనం ఉంటే పిన్నుల మధ్య సమానంగా సర్దండి.

ఉ) పక్కల బోర్డర్లు కుట్టాక, వాటితో కలిపి వెడల్పు ఇదే పద్ధతిలో కొలిచి పైదీ కిందిదీ కుట్టండి.

పరీక్ష: నేల మీద పరిచి అరచేత్తో మధ్యనుంచి బయటికి రాయండి. బోర్డర్ దగ్గర గుడ్డ పోగుపడితే కుట్టు విప్పి మళ్లీ కొలవండి. క్విల్టింగ్‌లో (మూడు పొరలూ కలిపి కుట్టేటప్పుడు) సర్దుకుంటుందిలే అని వదలకండి. చాలాసార్లు అక్కడ పక్కా మడతగా మారుతుంది.

7. మూడు పొరలు పరచడం

వెనక ముడతలు పుట్టేది ఇక్కడే, కాబట్టి తొందరపడకండి.

అడుగు గుడ్డ, మధ్యలో బ్యాటింగ్ (దూది లాంటి మెత్తని పొర), ఈ రెండూ పై పొర కంటే నాలుగు వైపులా 4 అంగుళాలు పెద్దవిగా ఉండాలి. అడుగు గుడ్డను అతికి కుడుతుంటే నేత అంచులు తీసేయండి, అతుకుకు అర అంగుళం మార్జిన్ వదిలి రెండు వైపులకూ విప్పి ఇస్త్రీ చేయండి. బ్యాటింగ్‌ను ప్యాకెట్‌నుంచి తీసి ముందురోజు రాత్రే పరిచి ఉంచండి, మడతలు సర్దుకుంటాయి. క్విల్టింగ్ గీతల మధ్య ఎంత దూరం ఉండవచ్చో ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. దాన్ని పారేసే ముందు ఆ అంకె రాసిపెట్టుకోండి. అంతకంటే దూరంగా కుడితే ఉతికాక లోపల దూది జరిగి ఉండలు కడుతుంది.

అడుగు గుడ్డను తిరగేసి నేల మీద పరిచి, ముందు నాలుగు పక్కల మధ్యలో, తర్వాత మూలల్లో టేపు వేయండి. బిగుతుగా ఉండాలి, సాగకూడదు. ఆ రెండిటికీ తేడా ఎలా తెలుస్తుందంటే, ఒక చోట టేపు తీసి చూడండి. గుడ్డ వెనక్కి జరిగిపోతే సాగదీశారు. అలా సాగిన గుడ్డ టేపులు తీయగానే కుంచించుకుని ముడతలు పెడుతుంది. అక్కడే ఉంటే సరిగ్గా ఉంది.

బ్యాటింగ్ పరవండి. దాని మీద పై పొర పరిచి మధ్యనుంచి అంచులకు చేత్తో సర్దండి. సేఫ్టీ పిన్నులు మధ్యనుంచి మొదలుపెట్టి 3, 4 అంగుళాల దూరంలో పెట్టండి. ఎక్కడ పిడికిలి ఆనించినా ఒక పిన్ను తగలాలి. పిన్నులు సరిపోలేదని దూరం పెంచకండి. మిగిలిన చోట పొడవాటి కచ్చా కుట్టు వేయండి. అతికించే స్ప్రే వాడితే క్విల్టింగ్ కోసం చేసినదే వాడండి, కిటికీలు తెరిచి పెట్టండి. చేత్తో క్విల్టింగ్ చేసేవాళ్లకు పిన్నుల కంటే 4 అంగుళాల గళ్లుగా వేసిన కచ్చా కుట్టే హాయి. నేల మీద వంగలేనివాళ్లు పెద్ద బల్ల అంచులకు క్లిప్పులు పెట్టి, భాగాలుగా జరుపుకుంటూ ఇదే పని చేయవచ్చు.

పరీక్ష: టేపులు తీసి, మొత్తం తిరగేసి, వెనక వైపు అరచెయ్యి రాయండి. వదులు తగిలిన చోట పిన్నులు తీసి మళ్లీ సర్దండి. ఇక్కడ పది నిమిషాలు పెడితే మిషన్ దగ్గర ఒక సాయంత్రం మిగులుతుంది.

గీతలు గీసుకునే పెన్నుల విషయం కూడా ఇప్పుడే చెప్పాలి. నీళ్లతో పోయే పెన్ను గుర్తుల మీద ఇస్త్రీ పెడితే మరక పట్టేస్తుంది. వేడితో మాయమయ్యే పెన్ను గుర్తులు బాగా చలి తగిలితే మళ్లీ తేలవచ్చు. ఏదైనా అదే గుడ్డ ముక్క మీద గీసి, తుడిచి, ఉతికి చూశాకే వాడండి.

8. క్విల్టింగ్: దారం, ముడత, బరువు

మొదట అదే గుడ్డ, అదే బ్యాటింగ్‌తో ఒక చిన్న నమూనా చేసుకుని టెన్షన్ దాని మీద చూడండి. అసలు క్విల్ట్ మీద ప్రయోగాలు వద్దు.

కింద దారం ఉండలు కడితే అందరూ బాబిన్‌ను అనుమానిస్తారు. ఎక్కువగా తప్పు పైదారంలో ఉంటుంది. ఫుట్ ఎత్తి, పైదారం మొత్తం తీసి, మళ్లీ ఎక్కించండి. ఫుట్ దించి ఉండగా దారం ఎక్కిస్తే టెన్షన్ బిళ్లల మధ్యకు అది వెళ్లదు. ఈ ఒక్క పనితోనే చాలా మిషన్లు దారికొస్తాయి. కుట్టు మొదలుపెట్టేటప్పుడు బాబిన్ దారాన్ని పైకి లాగి, రెండు దారాల చివరలనూ పట్టుకుని మొదటి రెండు మూడు కుట్లు వేయండి.

అప్పటికీ కుదరకపోతే గుర్తుపెట్టుకోండి. బాబిన్ దారం పైకి చుక్కల్లా కనిపిస్తే పై టెన్షన్ ఎక్కువైంది, తగ్గించండి. పైదారం కింద గీతలా పడి ఉంటే తక్కువైంది, పెంచండి. ఒకేసారి అర అంకె మాత్రమే మార్చి చూడండి. బాబిన్ కేసు మీది స్క్రూ జోలికి చివర్లోనే వెళ్లండి. కుట్లు ఎగిరిపోతుంటే సూది మార్చండి. దాదాపు 8 గంటలు కుట్టిన సూది పని అయిపోయినట్టే.

మొదటి గీతలు మధ్యలో నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి వేయండి. తర్వాత మధ్యనుంచి బయటికి వెళ్లండి. పక్కపక్క గీతల్ని ఒకటి పైనుంచి కిందికి, ఇంకొకటి కిందనుంచి పైకి కుడితే మధ్య గుడ్డ ఏటవాలుగా లాగేస్తుంది. వాకింగ్ ఫుట్‌తో కుట్టే నిటారు గీతలన్నీ ఒకే వైపునుంచి మొదలుపెట్టండి. కుట్టు పొడవు 2.5 నుంచి 3 మి.మీ.

క్విల్ట్ బల్ల మీదినుంచి వేలాడితే ఆ బరువు సూదిని లాగుతుంది. కుట్లు చిన్నవీ పెద్దవీ అవుతాయి, సూదులు విరుగుతాయి, భుజాలు పట్టేస్తాయి. మిషన్‌కు ఎడమ వైపూ వెనక వైపూ బల్ల గానీ కుర్చీ గానీ వేసి బరువంతా దాని మీద ఆననివ్వండి. సూది చుట్టూ ఉన్న జానెడు భాగం వదులుగా, చదునుగా ఉంటే చాలు. అరగంటకోసారి లేచి భుజాలు తిప్పండి.

ఫ్రీ మోషన్ (కింది పళ్లు దించి, గుడ్డను చేతులతోనే తిప్పుతూ కుట్టడం) చేసేవాళ్లు రెండు విషయాలు చూసుకోండి. కింది పళ్లు దించినా ఫుట్ కూడా దించాలి. ఎత్తి ఉంచి కుడితే కింద పెద్ద ముద్ద కడుతుంది. వంపుల దగ్గర వెనక వైపు కనురెప్పల వెంట్రుకల్లా దారాలు లేస్తున్నాయంటే అక్కడ చేతులు వేగంగా తిరుగుతున్నాయి. మిషన్ వేగం అలాగే ఉంచి చేతుల్ని నెమ్మదించండి.

వెనక ఒకచోట ముడత పడితే మొత్తం విప్పకండి. ముడతకు రెండు వైపులా 3, 4 అంగుళాల దాకా ఆ ఒక్క గీతను విప్పి, అదనపు గుడ్డను చేత్తో సర్ది, దగ్గరదగ్గరగా పిన్నులు పెట్టి మళ్లీ కుట్టండి. విప్పేటప్పుడు ఒక వైపు ప్రతి నాలుగో కుట్టునూ రిప్పర్‌తో తెంపి, రెండో వైపు దారం లాగండి. గుడ్డ చిరగదు.

ఏది విప్పాలి, ఏది వదిలేయాలి? కుట్టు తెగిన అంచుకు ఎనిమిదో వంతు అంగుళం కంటే దగ్గరగా వెళితే విప్పండి, ఉతుకులో ఊడిపోతుంది. గుడ్డ మడతపడి కుట్టులో ఇరుక్కుంటే విప్పండి. మొన ఒక పోగు తెగినా, కీలు వెంట్రుకవాసి తప్పినా క్విల్ట్‌ను గోడకు తగిలించి, నాలుగైదు అడుగుల దూరంనుంచి చూడండి. కనిపించకపోతే వదిలేయండి. కాటన్ బ్యాటింగ్ ఉన్న క్విల్ట్ మొదటి ఉతుకులో మెత్తగా ముడుచుకుంటుంది, ఆ ముడుతల్లో ఇవి కలిసిపోతాయి.

9. బైండింగ్: పట్టీ చాలకపోవడం, మూలలు

బైండింగ్ అంటే క్విల్ట్ అంచుల్ని మూసే పట్టీ. అది ఎంత కావాలో లెక్కేసేటప్పుడు చాలామంది అతుకుల్ని మర్చిపోతారు. క్విల్ట్ 50×60 అనుకుందాం. చుట్టుకొలత 220 అంగుళాలు, మూలలకూ చివరి అతుక్కూ 12 కలిపితే 232. పన్నాలో 40 అంగుళాలు వాడుకోగలిగితే 6 పట్టీలకు 240 వస్తుంది, చాలుతుందనిపిస్తుంది. కానీ 2½ అంగుళాల వెడల్పు పట్టీలను ఏటవాలుగా అతికితే ఒక్కో అతుకు 2½ అంగుళాలు తింటుంది. 5 అతుకులకు 12½ పోయి 227½ మిగులుతుంది. కాబట్టి 7 కోయండి.

పట్టీని పొడవునా సగానికి మడిచి, పైవైపు అంచుతో కలిపి కుట్టండి. మూలకు పావు అంగుళం ముందు ఆగి, దారం కత్తిరించండి. పట్టీని 45 డిగ్రీల మడతతో పైకి తిప్పి, మళ్లీ కిందికి దించి, మడత పై అంచుతో సమానంగా ఉండేలా చూసి కుట్టండి. మూల గుండ్రంగా వస్తే పావు అంగుళం ముందు ఆగలేదన్నమాట.

చివరలు కలిపేటప్పుడు రెండు కొసల్నీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పట్టీ వెడల్పంత, అంటే 2½ అంగుళాలు ఎక్కించి కోయండి. ఏటవాలుగా కుట్టి, పట్టీ మెలి పడలేదని క్విల్ట్ మీద పరిచి చూసుకున్నాకే మార్జిన్ కత్తిరించండి.

పరీక్ష: బైండింగ్‌ను వేళ్లతో నొక్కండి. లోపల ఖాళీ తగిలితే బ్యాటింగ్‌ను ఎక్కువ కోసేశారు, ఆ అంచు త్వరగా అరుగుతుంది.

10. మొదటి ఉతుకు

చల్లని నీళ్లు, తేలికపాటి డిటర్జెంట్, రంగు పీల్చే షీట్లు రెండు మూడు. బయటికి తీయగానే తడిమీదే పరిచి వెలుతురులో చూడండి. ఎక్కడైనా రంగు అంటితే ఆరనివ్వకండి, డ్రయ్యర్‌లో అసలే వేయకండి, ఇస్త్రీ పెట్టకండి. ఆరితే మరక పట్టుకుపోతుంది.

రంగు అంటిన క్విల్ట్ పూర్తిగా కాటన్‌దైతే, అది మునిగేంత వేడి నీళ్లు టబ్బులో నింపి, డిటర్జెంట్ కాస్త ఎక్కువ వేసి, గాలి బుడగలు లేకుండా మొత్తం ముంచండి. 12 గంటల దాకా ఉంచండి. ఉన్ని, పట్టు బ్యాటింగ్ ఉన్నవాటికి ఈ పద్ధతి పనికిరాదు. నీళ్లలో రంగు తేలితే పారబోసి మళ్లీ కొత్త నీళ్లతో అదే చేయండి. నీళ్లు తేటగా మిగిలాక మామూలుగా జాడించి, పిండకుండా నీడలో చదునుగా ఆరేయండి.